పసుల దవాఖాన, పల్లె టీవీ, మన తండా

మొన్న వానాకాలం మొదట్లో ఐదో తరగతి పిల్లలకు పెంపుడు జంతువుల పాఠం చెబుతున్నాను. "బర్రెకు గొంతువాపు వ్యాధి వస్తే ఏం చేయాలె?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఒక పిల్ల లేచి, "గా రోగం మా తండల లేదు సార్" అంది. అప్పుడు మన గోర్ బోలిలో అడిగాను. గొంతు కింద ఉబ్బుతుంది, చొంగ కారుతుంది, మేత ముట్టదు అని చెబుతుండగానే ఆ పిల్లే చెయ్యి గొంతు కింద పెట్టుకుని గురక పెట్టి చూపించింది. పోయిన ఏడు వాళ్ల బర్రె అట్లనే రాత్రంతా గురక పెట్టి తెల్లారేసరికి పోయిందట. రోగం ఆ పిల్లకు బాగా తెలుసు, పుస్తకంలో దానికి పెట్టిన పేరే తెలియదు.

ఇరవై ఏండ్లుగా మక్తల్ చుట్టుపక్కల బడుల్లో పని చేస్తున్నాను. ఇట్లాంటిది చాలాసార్లు చూశాను. పల్లె కుటుంబానికి పనికొచ్చే సలహా ప్రభుత్వం దగ్గర ఉంది, పుస్తకంలో ఉంది, ఇప్పుడు ఫోనులో కూడా ఉంది. అది తండా గడప దాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలంటే మన జిల్లాలోనే జరిగిన ఒక సంగతి తెలియాలి. ఇప్పటి పిల్లలకు అది జరిగిందనే తెలియదు.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు చదువు చెప్పే టెలివిజన్ ప్రయోగం అది. అందరూ దాన్ని సైట్ అనేవారు. దానికి విక్రమ్ సారాభాయ్ ఆలోచన చేశారు. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది. ఆయన 1971 చివర్లో చనిపోయారు, తను తలపెట్టిన పని చూడలేదు. ఆరు రాష్ట్రాల్లో 20 జిల్లాలు ఎంచుకున్నారు, సుమారు 2,400 ఊళ్లు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు అందులో ఉన్నాయి. పక్కన కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బీజాపూర్ ఉన్నాయి. అంటే మక్తల్‌కు తూర్పున ఉన్న పల్లెలకూ, కృష్ణ దాటితే వచ్చే పల్లెలకూ ఒకే ఏడు టీవీ వచ్చింది. హైదరాబాద్ నగరానికి దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. పట్నం వాళ్లకంటే ముందు పాలమూరు పల్లె టీవీ చూసిందంటే మా బడిలో పిల్లలు ఇప్పటికీ నమ్మరు.

ఉపగ్రహం అమెరికా వాళ్లది, ఏటీఎస్-6. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేది. టీవీ పెట్టెలు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది. బడి మీదనో పంచాయతీ ఇంటి మీదనో సుమారు మూడు మీటర్ల వెడల్పున్న ఇనుప జాలీ గొడుగు బిగించేవారు. రోజుకు నాలుగు గంటలు కార్యక్రమాలు వచ్చేవి. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సాయంత్రం వ్యవసాయం, పశువుల ఆరోగ్యం, తల్లీబిడ్డల సంరక్షణ, తిండి, శుభ్రత, కుటుంబ నియంత్రణ, మధ్యలో పాటలు, నాటికలు ఉండేవి. ప్రాథమిక బడుల టీచర్లకు సైన్సు ఎట్లా చెప్పాలో కూడా ఈ టీవీ ద్వారానే శిక్షణ ఇచ్చారు. దేశం మొత్తం మీద సుమారు 50 వేల మంది టీచర్లు ఆ శిక్షణ పొందారు. మన వృత్తిలో ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు మనం తెర ముందు కూర్చుని తీసుకునే శిక్షణలు కొత్తవేమీ కావు.

మా బా, అంటే మా నాన్న, అప్పటికి ఇరవై ఏండ్ల పిలగాడు. మా తండాలో టీవీ లేదు. కరెంటే లేదు, టీవీ ఎక్కడిది? ఈ పెట్టెలు ఎక్కువగా కరెంటు ఉన్న ఊళ్లకే ఇచ్చారు. మన తండాలు ఆ లెక్కలోనే వెనుకబడిపోయాయి. మా బా, ఇంకా నలుగురు మొగపిల్లలు రాత్రిపూట కందిలి పట్టుకుని పక్క ఊరికి నడిచి పోయేవారు. బడి ముందర చాపల మీద ఊరివాళ్లు కూర్చునేవారు. మనవాళ్లు వెనుక గోడకు ఆనుకుని నిలబడేవారు. ఆడవాళ్లు తండా నుంచి పోలేదు. చీకట్లో అంత దూరం ఎట్ల పోతారు, పోతే ఇంటి దగ్గర దూడలను ఎవరు కడతారు?

"ఏం చూసినవ్ బా?" అని నేను చిన్నప్పుడు అడిగేవాణ్ణి. ఆవును చూసిన అనేవాడు. పెద్ద ఆవు, నున్నగా ఉంది, మూపురం లేదు, మన గావ్డి కాదు. దానికి ఒకాయన సూది వేస్తున్నాడు, పక్కన ఒకామె తెలుగులో ఏదో చెబుతోంది. ఆమె మాట సగం అర్థమైంది. పుస్తకాల తెలుగు. పాటలు మాత్రం బాగున్నాయన్నాడు.

ఆ ప్రయోగం నాలుగు భాషల్లో నడిచింది: హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ. ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాట జోడించి పంపే ఏర్పాటు కూడా ఉండేది. ఆ నాలుగింటిలో గోర్ బోలి లేదు. ఉంటుందని ఎవరూ అనుకోలేదు కూడా. అప్పటికి చట్టం లెక్కలో మనం గిరిజనులం కూడా కాదు. తెలంగాణ లంబాడాలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చిన సవరణ చట్టం 1976లో వచ్చింది. సైట్ 1976 జూలై 31న ఆగిపోయింది. ఉపగ్రహాన్ని అమెరికా వాళ్లు వెనక్కి తీసుకున్నారు. టీవీ పోయిన ఏడే మనకు గుర్తింపు రావడం కాకతాళీయమే. అయినా ఆ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాలం ఎట్లాంటిదో అర్థమవుతుంది.

ఆ ప్రయోగాన్ని నేను తక్కువ చేసి చెప్పను. ఇస్రో వాళ్లు సామాజిక శాస్త్రం చదివిన మనుషులను పల్లెల్లో నెలల తరబడి ఉంచి ఫలితాలు చూశారు. అంత నిజాయితీగా తన పనిని తాను పరీక్షించుకున్న ప్రభుత్వ కార్యక్రమాలు తక్కువ. మొదటి రోజుల్లో వందల మంది వచ్చారు, తర్వాత పలచబడ్డారు. ఆరోగ్యం, శుభ్రత వంటి విషయాల్లో చదువు రాని వాళ్లకు, ఆడవాళ్లకు కొత్త సంగతులు తెలిశాయి. పొలంలో పద్ధతులు మాత్రం పెద్దగా మారలేదు. విత్తనం, ఎరువు, అప్పు చేతిలో లేనివాడికి టీవీ చూస్తే అవి వస్తాయా?

పశువుల సంగతి వేరు. పశువు మన చేతిలో ఉంది. ఆ విషయంలో మనం వినేవాళ్లం మాత్రమే అనుకోవడం దగ్గరే అసలు తప్పు జరిగింది.

దీనికి ఇంకా వెనక్కి పోవాలి. గోర్ జాతి బతికింది ఎద్దు వీపు మీద. లదేణి అనేవారు దాన్ని. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం, గోనెలు వేసుకుని సముద్రతీరం నుంచి దక్కను పీఠభూమి దాకా నడిచేవారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా పోవడం గురించి రాశాడు. మొగలు సైన్యాలకు, నిజాం సైన్యాలకు, 1799లో, 1803లో దక్కను యుద్ధాల్లో వెల్లెస్లీ సైన్యానికి తిండి మోసింది మనవాళ్లే. వేల ఎద్దులను నెలల తరబడి నడిపించాలంటే గిట్ట అరగకుండా, వీపు పుండు పడకుండా, ఒకదాని రోగం ఇంకోదానికి అంటకుండా చూసుకోవాలి. మా దాది, అంటే మా నాన్నమ్మ, జబ్బుపడ్డ గొడ్డును మంద నుంచి వేరుగా కట్టేది, దాని కుడితి తొట్టి వేరుగా పెట్టేది. ఎందుకని అడిగితే, "గట్లనే చేయాలె" అనేది. అంతకుమించి ఏమీ చెప్పేది కాదు. పశువైద్యులు ఇప్పుడు చెప్పేదీ అదే.

1871 మనకు చెడ్డ ఏడాది. బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం ఆ ఏడు రాయచూరులో కలిశాయి. ఆ పట్టాలు మన కృష్ణ స్టేషన్ మీదుగానే పోతాయి. ఎద్దు నెల రోజులు మోసే సరుకును రైలు రెండు రోజుల్లో చేర్చింది, లదేణి చచ్చిపోయింది. అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. మొదట ఉత్తరాన అమలైంది, 1911 చట్టంతో దక్షిణాదికీ పాకింది. తిరిగే జాతులన్నీ దొంగ జాతులనే ఆలోచన దానిలో ఉంది. ఆ మచ్చ చట్టపరంగా పోయింది 1952లో. ఇంకోటి కూడా 1871లోనే. పశువుల మహమ్మారుల మీద వేసిన కమిషన్ తన నివేదిక ఇచ్చింది. వేల గొడ్లు చచ్చిపోతున్నాయని అప్పటికి ప్రభుత్వానికి తెలిసింది. ఒక పక్క పశువుల జబ్బుల గురించి విచారణ, ఇంకో పక్క పశువులతో తిరిగేవాళ్ల మీద అనుమానం. పశువుల గురించి వాళ్లను అడిగి తెలుసుకుందామని ఎవరికీ తోచలేదు.

ఆ కమిషన్ లెక్కలో పెద్ద జబ్బు ముసర వ్యాధి. జ్వరం వచ్చి, నోరంతా పుండ్లు పడి, నెత్తురు పారి గొడ్డు వారం పది రోజుల్లో పోయేది. మందలకు మందలే పోయేవి. 1889లో పూణేలో మొదలై 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మారిన పరిశోధనశాల ఉంది. 1920లలో అక్కడ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల్లో పెంచిన టీకాను తయారు చేశాడు. స్వాతంత్య్రం వచ్చాక 1954లో దేశమంతటా ముసర నిర్మూలన కార్యక్రమం పెట్టారు. దాదాపు నలభై ఏండ్లు టీకాలు వేసినా అది పూర్తిగా పోలేదు. 1992లో మళ్లీ గట్టిగా పట్టుకున్నారు. 1995 తర్వాత మన దేశంలో కనిపించలేదు. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు.

మన తండాల్లో ఆషాఢంలో సీత్లా పండుగ చేస్తాం. ఊరివాళ్లు దాటుడు పండుగ అంటారు. గుగ్గిళ్లు ఉడకబెట్టి, తండా గొడ్డూ మేకా అంతటినీ ఒక్కచోటికి తోలి, అమ్మవారి ముందు దాటిస్తాం. పశువులకు రోగం రావద్దని మొక్కు. ఉత్తరాన సీత్లా అంటే మశూచి తల్లి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో, సైట్ మొదలయ్యే ముందే. ఇప్పటిదాకా ప్రపంచం నుంచి పూర్తిగా పోయిన రోగాలు రెండే: మనుషుల్లో మశూచి, పశువుల్లో ముసర. రెండూ ఆ తల్లి ముందు మన పెద్దలు భయంతో మొక్కుకున్నవే. రెండూ టీకాతోనే పోయాయి. దీన్ని మొక్కు ఫలించిందనుకున్నా, సూది ఫలించిందనుకున్నా నాకు పేచీ లేదు. పండుగ రోజు తండా పశువులన్నీ ఒక్కచోట నిలబడతాయన్నది మాత్రం టీకా వేసేవాళ్లు చూడవలసిన సంగతి.

ముసర పోవడంలో మనం నేర్చుకోవలసింది మన దేశంలో కాదు, ఆఫ్రికాలో జరిగింది. ఇథియోపియాలో అఫార్ అనే పశువుల కాపరుల ప్రాంతం ఉంది. సుడాన్ దక్షిణ భాగంలోనూ అట్లాంటి ప్రాంతాలే. రోడ్లు లేవు, యుద్ధాలు. ప్రభుత్వ డాక్టర్లు అక్కడికి పోలేకపోయారు. 1990లలో అక్కడి కాపరులకే శిక్షణ ఇచ్చి, వేడికి త్వరగా చెడిపోని టీకా చేతికిచ్చారు. రోగం ఎక్కడుందో కనిపెట్టడానికి వాళ్ల భాషలో వాళ్లు పెట్టుకున్న రోగాల పేర్లే ఆధారం చేసుకున్నారు. పట్టం చదివిన వాళ్లు చేయలేని పనిని అక్షరం రాని కాపరులు చేశారు.

ఇట్లాంటి ఆలోచన మన హైదరాబాద్ రాష్ట్రంలోనూ ఒకసారి వచ్చింది. 1943లో ఆదిలాబాద్ దగ్గర మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలుపెట్టారు. మొదటి వాచకాలు గోండీలో రాశారు. పిల్లవాడి భాష ముందు, సర్కారు భాష తర్వాత. మన పాలమూరు తండాలకు అట్లాంటిది రాలేదు. నేను డి.ఎడ్. చదివినప్పుడు మాతృభాషలో బోధన గురించి ఒక ప్రశ్న పరీక్షకు వచ్చింది, పది మార్కులకు. నేను తెలుగులో రాసి పాసయ్యాను.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. నాకు పదమూడేండ్లప్పుడు తొలకరి వానలు పడ్డ వారంలో మా రెండు ఎడ్లూ గొంతువాపుతో పోయాయి. మొదటిది రాత్రి, రెండోది మూడో రోజు. ఆ ఎండాకాలం చివర్లో ఊళ్లో టీకాలు వేశారట. డప్పు చాటింపు ఊళ్లోనే వేశారు. తండాకు ఎవరూ రాలేదు. తర్వాత అడిగితే, "చాటింపు వేసినం కదా" అన్నారు. విత్తే వేళకు ఎడ్లు లేవు. మా బా అప్పు చేసి ఒక ఎద్దును కొన్నాడు, ఆ అప్పు తీర్చడానికి బొంబాయి పనికి పోయాడు. మా యాడి కూడా పోయింది. నన్ను హాస్టల్‌లో వేశారు. నేను టీచరునైంది ఆ హాస్టల్ వల్లనే అని చుట్టాలు అంటుంటారు. నిజమే కావచ్చు. ఆ రెండు ఎడ్లు బతికి ఉంటే అమ్మానాన్నల దగ్గరే పెరిగేవాణ్ణి కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పటికీ మా వైపు తండాల్లో నడి వయసు వాళ్లు చాలామంది పూణే, బొంబాయి, హైదరాబాద్ పనుల మీద ఉంటారు. ఇంటి దగ్గర మిగిలేది దాదా, దాది, బడి పిల్లలు, రెండు మూడు మేకలు, ఒక బర్రె. "రైతు సోదరులారా" అని మొదలయ్యే సలహా ఆ ఇంట్లో ఎవరికి? సోదరుడు పూణేలో సెంట్రింగు పనిలో ఉన్నాడు. పశువు దగ్గర ఉన్నది డెబ్భై ఏండ్ల ముసలామె, పదేండ్ల మనవరాలు. అందుకే ఈ పని ఇప్పుడు బడి మీద పడిందని నేను అనుకుంటున్నాను. పాఠ్యపుస్తకం పూర్తి చేయడమే కష్టంగా ఉంటే ఇది కూడానా అని తోటి టీచర్లు అంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది.

మా బడిలో రెండేండ్లుగా గోడకు ఒక పెద్ద కాగితం అతికించాం. పన్నెండు నెలల గళ్లు. ఏ నెలలో ఏ రోగం వస్తుందో పిల్లలు ఇంట్లో దాదినీ దాదానూ అడిగి గోర్ బోలిలో, తెలుగు అక్షరాల్లో రాస్తారు. పక్కన నేను పుస్తకం పేరు, చేయవలసిన పని రాస్తాను. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే, మే నెలలోనే పడాలి. సూది వేసిన రోజే బలం రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. సీత్లా రోజు దాకా ఆగితే ఆలస్యం. అందుకే పండుగ తేదీ నిర్ణయించే రోజే టీకా తేదీ కూడా అడగాలని మా తండా నాయక్‌తో, కారోబారితో మాట్లాడాం. పండుగ రోజు మందంతా ఒక్కచోట ఉన్నప్పుడు నట్టల మందు తాగించడం సులువు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించాలి. మేకలకు, గొర్రెలకు వానల తర్వాత లేత గడ్డి మేసి వచ్చే చిటుక రోగానికీ ముందే టీకా ఉంది. ఎవరికి ఏం కావాలన్నా 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పసుల దవాఖాన బండి వస్తుంది. ఆ నంబరు పిల్లలకు ఎక్కంలాగా నోటికి వచ్చు.

ముసలివాళ్లు చెప్పిందంతా మంచిదే అని నేను రాయించను. వాతలు పెట్టడం మా ఇంట్లోనూ ఉండేది. పశువుకు నొప్పి, పుండు తప్ప అందులో ఏమీ లేదు. ఉన్నట్టుండి గొడ్డు చచ్చి, ముక్కులోంచీ వెనుక నుంచీ గడ్డకట్టని నల్ల నెత్తురు కారితే అది దొమ్మ కావచ్చు. దాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, మాంసం ముట్టవద్దు. మనుషులకూ అంటుకుని ప్రాణం తీస్తుంది. డాక్టరుకు చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఆకలి ఉన్న ఇంట్లో ఈ మాట చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు.

జొన్న నాము గురించి మాత్రం పుస్తకం కంటే మా తండానే నయం. బెట్టకు గిడసబారిన లేత జొన్నలోకి గొడ్డు పోతే నిమిషాల్లో పడిపోతుందని చిన్నపిల్లకు కూడా తెలుసు. ఆ గడి నింపడానికి పిల్లలు కొట్టుకున్నారు.

ముర్రుపాల గడి దగ్గర ఇంకోటి బయటపడింది. దూడ పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు తాగించాలని అందరూ రాశారు. తాగకపోతే దూడ నిలవదని దాదీలు చెప్పారట. మరి బిడ్డ పుడితే ఏం చేస్తారని అడగమన్నాను. కొన్ని ఇళ్లలో మొదటి పాలు పిండి పారబోసి తేనె చీకించేవారట. ఒక పిల్లవాడు, "దూడకు ఇచ్చి మాకెందుకు ఇయ్యలేదు సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నే ఇంటికి పంపాను. తర్వాత అంగన్‌వాడీ టీచరు నాతో చెప్పింది, తను ఎన్ని సార్లు చెప్పినా వినని ఒక ముసలామె, మనవడు అడిగేసరికి నవ్వి ఊరుకుందని. విన్నదో లేదో ఇంకా తెలియదు, కోడలికి నెలలు నిండలేదు.

గొంతువాపు గడి మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. గురక పెట్టి చూపించిన పిల్ల వాళ్ల దాది ఒక పేరు చెప్పింది. పక్క తండా నుంచి వచ్చే పిల్లలు అది వేరే రోగం పేరన్నారు. ఇద్దరు ముసలివాళ్లను బడికి పిలిపించాను, వాళ్లూ ఒప్పుకోలేదు, అరగంట వాదించుకుని చాయ్ తాగి పోయారు. ఆ గడిలో పెన్సిలుతో రెండు పేర్లూ రాసి పెట్టాం. మూడో తండాలో ఎనభై దాటిన ఒకాయన ఉన్నాడట, చిన్నప్పుడు వందల ఎడ్ల మంద కాసినవాడు. వచ్చే ఆదివారం పిల్లలను తీసుకుని ఆయన దగ్గరికి పోవాలి.